164 సీట్లు సరే, కాలవ మీద మన మాట చెల్లుతోందా?

కొబ్బరితోట:
2024 జూన్‌లో మన ఆంధ్ర అసెంబ్లీలో 175కి 164 సీట్లతో కూటమి గెలిచింది. జూలై 1నే పాత మూడు నెలల పెంపుతో కలిపి 7,000 పింఛను మా అమ్మమ్మ చేతిలో పెట్టారు. భూహక్కు చట్టం రద్దయింది. ఆగస్టు 23న ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. ప్రజాస్వామ్యం గట్టిపడుతోందనే అంటాను. కాదంటే చెప్పండి.

లాకులగట్టు:
పింఛను మాట నిజమే, మా వీధిలో తెల్లారేసరికే ఇచ్చేశారు. గ్రామసభకీ వెళ్లాను. డ్రైన్లో పూడిక తియ్యమంటే రాసుకున్నారు, పూడిక అక్కడే ఉంది.

నా బాధ 2024 డిసెంబరులో జరిగిన నీటి సంఘాల ఎన్నికల గురించి. మాది శివారు ఆయకట్టు, అంటే కాలవ చివరి పొలాలు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీటి వంతులు పెడితే మాదాకా వచ్చేసరికి బోదెలో (పొలం కాలవలో) తడి తప్ప నీళ్లుండవు. అందుకే నీటి సంఘంలో మా భాగానికి ప్రతినిధిగా, టీసీ మెంబరుగా నిలబడదామనుకున్నా. నీటి తీరువా (నీటి పన్ను) బాకీ లేదని కాగితం కావాలి. రెండు రోజులు తిరిగాను. ఇవ్వాల్సినాయన ఫోనెత్తలేదు. మూడోనాడు బడి ఆవరణలో పది నిమిషాల్లో ఏకగ్రీవం అన్నారు. చప్పట్లు, టీలు, అయిపోయింది.

చేపలచెరువు:
2021 పంచాయతీ ఎన్నికల్లో, వైసీపీ హయాంలో ఏకగ్రీవాలప్పుడు ఏం చేశారండీ తమరు?

లాకులగట్టు:
అప్పుడూ అరిచాను బాబాయ్. మా వార్డులో నామినేషన్ వెయ్యనివ్వలేదని ఇక్కడే రాశాను. అప్పుడు నన్ను పసుపు అన్నారు, ఇప్పుడు నీలం అంటారేమో!

భీమవరం రోడ్డు:
పైన అసెంబ్లీలో కూడా ఇదే వరస. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే పీఏసీ (ప్రజా పద్దుల కమిటీ) ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. ఈసారి మా ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు గారికి వచ్చింది. మా ఊరికి గౌరవమే, కానీ ఆయనది జనసేన, ప్రభుత్వంలో భాగం. మనవాళ్ల ఖర్చు మనవాళ్లే తనిఖీ చేసుకుంటే ఏం బయటికొస్తుంది?

కొబ్బరితోట:
వైసీపీకి ఉన్నదే 11 మంది, పదో వంతు కూడా లేదు. పీఏసీకి జరిగిన ఎన్నికని బహిష్కరించింది వాళ్లే కదా.

భీమవరం రోడ్డు:
అవును, వాళ్లదీ తప్పే. ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదని జగన్ గారు సభకి రావట్లేదు. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు ప్రెస్‌మీట్లో అడిగితే మంత్రి జవాబు చెప్పక్కర్లేదు.

కొబ్బరితోట:
సరే, పీఏసీ విషయం ఒప్పుకుంటున్నా. కానీ ఆరేడు నెలలకే తేల్చెయ్యకండి, పంచాయతీ ఎన్నికలు రానివ్వండి. లాకులగట్టు అన్నా, ఇంతకీ నీళ్లొచ్చాయా?

లాకులగట్టు:
గురువారం మా వంతట. నారు ముదిరిపోతోంది.