ముందు యాప్ తయారు చేయాలా, ముందు తోటకు వెళ్లాలా?

ప్రశ్న: నల్లగొండ బత్తాయి రైతులను హైదరాబాద్ జ్యూస్ దుకాణాలతో నేరుగా కలిపే యాప్ తయారు చేయాలని మా బృందం అనుకుంటోంది. ఫోన్ ద్వారా చేసిన సర్వేలో ఎక్కువ మంది రైతులు తప్పకుండా వాడతామన్నారు. ఇక పని మొదలుపెట్టవచ్చా, ఊళ్లు కూడా తిరగాలా?

జవాబు 1: మొదలుపెట్టండి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు చీర నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పే ఆసు యంత్రాన్ని 1999లో పూర్తి చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఎవరినీ సర్వే చేయలేదు. వస్తువు చేతికి వస్తే తప్ప కొనేవారు తమకేం కావాలో చెప్పలేరు.

జవాబు 2: ముందు ఊళ్లు తిరగాలన్నది నా వాదన. మల్లేశం గారి ఉదాహరణ నిజానికి దాన్నే బలపరుస్తుంది. ఆసు పోయడానికి వేలసార్లు చేయి ఆడించి తల్లి పడే భుజాల నొప్పిని ఆయన ఇంట్లోనే చూశారు. అంతకు మించి వినియోగదారును తెలుసుకోవడం ఎవరికి సాధ్యం?

'వాడతారా' అని అడిగితే ఎదుటివారిని నొప్పించడం ఇష్టంలేక మనవాళ్లు అవుననే అంటారు. అందుకే జరిగిపోయిన సంగతులు అడగండి: పోయిన కాపు ఎవరికి అమ్మారు, బయానా (అడ్వాన్సు) ఎంత తీసుకున్నారు, తూకంలో సూట్ (తరుగు) కింద ఎంత పోయింది, మిగతా డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది. కాయ చెట్టు మీద ఉండగానే తోటను మాట్లాడుకునే వ్యాపారి, కోతకు కూలీలను, తరలించడానికి బండిని తానే చూసుకుంటాడు, అవసరానికి అప్పు కూడా ఇస్తాడు. మీ యాప్ ధర చూపిస్తుంది సరే, ఆ మిగతా పనులు ఎవరు చేస్తారు? పైగా దుకాణానికి రోజూ కొద్ది బస్తాలు చాలు, రైతుకు మాత్రం కాయంతా ఒకేసారి కదలాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దానిని విప్పగలిగితేనే మీకు వ్యాపారం ఉంటుంది.

కాబట్టి యాప్ జోలికి వెళ్లకుండా ఒక్క తోట కాయను డీసీఎం వ్యానులో తెచ్చి, వాట్సాప్ గ్రూపుతోనే అమ్మి చూడండి. దుకాణదారు రెండో వారం తానే ఫోన్ చేసి డబ్బు పంపితే, ఆ డబ్బును సర్వే జవాబులన్నిటికంటే ఎక్కువగా నమ్మవచ్చు. 2015లో హైదరాబాద్‌లో మొదలైన, స్టార్టప్‌లకు అండగా ఉండే టీ-హబ్ లాంటి చోట్ల సలహాదారులు, పెట్టుబడిదారుల పరిచయాలు దొరుకుతాయి కానీ, ఈ జవాబు మాత్రం దొరకదు.

జవాబు 1: అమ్మి చూడటానికి నేనూ ఒప్పుకుంటాను, కానీ దానికి గడువు పెట్టుకోవాలి, లేకపోతే తిరగడంతోనే పెట్టుబడి కరిగిపోతుంది.

జవాబు 2: గడువు ఉండాల్సిందే. అయితే సీజన్ కాని రోజుల్లో వచ్చే కత్తెర కాపులో ధర బాగుంటుంది కాబట్టి రైతుకు మీ అవసరం కనిపించదు. సీజన్ కాపులో, కాయంతా ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చి ధర పడిపోయే రోజుల్లో ఈ పరీక్ష పెట్టుకోండి.