అప్‌డేట్: యూదా దేశానికి అహజ్యా రాజైనప్పుడు 22 ఏళ్లా, 42 ఏళ్లా?

జవాబులిచ్చిన అన్నలకు, అక్కలకు వందనాలు. అహజ్యా రాజైన వయసు బైబిల్లో 2 రాజులు 8:26లో 22, 2 దినవృత్తాంతములు 22:2లో 42 అని ఉందేమిటని అడిగాను కదా. "దాని ముందు అధ్యాయం చివరి వచనం, 21:20 చూడు" అన్న సలహాతోనే చిక్కు వీడింది. తండ్రి యెహోరాము 32 ఏళ్లకు రాజై, 8 ఏళ్లు ఏలి చనిపోయాడు. అంటే 40. తండ్రి పోయాక రాజైన కొడుక్కి 42 అయితే, కొడుకు తండ్రికన్నా రెండేళ్లు పెద్దవాడా! నకలు రాసేటప్పుడు దొర్లిన అంకె పొరపాటే అన్నారు మా పాస్టరుగారు. ప్రాచీన సిరియా అనువాదంలో 22 అనే ఉందట. సరిచేసే లెక్క అదే గ్రంథంలో, ముందు అధ్యాయంలోనే దొరికింది చూడండి, నా నమ్మకానికి అదే చాలు. అహజ్యా తల్లి పుట్టిన ఒమ్రీ రాజవంశం మొదలు నుంచి 42 లెక్కపెట్టే వివరణ నాకైతే అతికించినట్టే అనిపించింది, వదిలేశాను.