గోల్ఫ్ స్వింగ్‌లో బరువు కుడి కాలి మీదికి వెళ్లాలా, ఎడమ కాలి మీదే ఉండాలా?

రాయగడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. సెవెన్ ఐరన్‌తో (ఇనుప తల ఉన్న గోల్ఫ్ కర్ర) కొడుతుంటే క్లబ్, అంటే ఆ కర్ర, బంతికి తగలకముందే నేలకి తగులుతోంది. మా ఊళ్లో ఆడుకునే వీలు లేక డాబా మీద నెట్ కట్టి, మ్యాట్ వేసుకుని కొడుతుంటాను. వీలైనప్పుడు రైలెక్కి విశాఖ వెళ్లి, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో బాబాయ్‌తో ఒక రౌండు. బాబాయేమో "క్లబ్ వెనక్కి తీసేటప్పుడు బరువంతా కుడి కాలి మీద వెయ్యి, పైదాకా వెళ్లాక ఎడమ కాలి మీదికి తన్నుకురా" అంటాడు. యూట్యూబ్‌లో ఒక కోచ్ "మొదటి నుంచీ ఎడమ కాలి మీదే ఉండు, కుడికి వెళ్తే తిరిగి రాలేవు" అంటాడు. ఇద్దరూ బాగానే కొడతారు. తలా ఒకటి చెబుతుంటే బుర్ర తిరిగిపోతోంది. నాది కుడిచేతి వాటం. ఏది చెయ్యమంటారు?

సునాబేడ పెద్దాయన:
బాబాయ్ మాటే విను నాయనా. కుడికి వెళ్లనిదే ఎడమకి ఏం తెస్తావు? గారీ ప్లేయర్ కొట్టిన ఊపులో కుడి కాలు లేచి ముందుకు నడిచేసేవాడు. జాక్ నిక్లస్ క్లబ్ వెనక్కి తీస్తూ ఎడమ మడమ పైకి లేపేవాడు. పద్దెనిమిది మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచినవాడికి తెలియనిది ఈ వీడియోల వాళ్లకి తెలుసా? కాళ్ల సంగతి వదిలేసి భుజాలతో బాదడం నేల విడిచి సాము చెయ్యడమే.

జయపురం లెఫ్టీ:
పెద్దాయన గారూ, మీరంటే గౌరవమే గానీ ఆ వీడియో కోచ్ గాల్లోంచి ఏమీ పుట్టించలేదు. దాన్ని స్టాక్ అండ్ టిల్ట్ అంటారు. మైకేల్ బెన్నెట్, ఆండీ ప్లమర్ అనే ఇద్దరు కోచ్‌లు తెచ్చిన పద్ధతి, 2007లో బాగా పేరొచ్చింది. ఆరన్ బాడ్లీ ఆ ఏడాదే అలా ఆడుతూ పీజీఏ టూర్‌లో (అమెరికా ప్రొఫెషనల్ టోర్నీల వరుస) గెలిచాడు. నాలాగే ఎడమచేతి వాటం మైక్ వియర్ కూడా అటే వెళ్లాడు.

నేనూ అదే ఆడతాను. నిలబడేటప్పుడే ముందు కాలి మీద కాస్త ఎక్కువ బరువు. క్లబ్ వెనక్కి వెళ్తుంటే ముందు భుజం కిందికి దిగుతుంది, తల పక్కకి జరగదు. ఒళ్లు వెనక్కి జరగకపోతే మళ్లీ తెచ్చుకునే పనే లేదు. వారానికోసారి ఆడేవాడికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. (నేను లెఫ్టీని కాబట్టి నాకు ముందు కాలంటే కుడి. తమ్ముడు తిరగేసి చదువుకోవాలి.)

సునాబేడ పెద్దాయన:
మైక్ వియర్ మాస్టర్స్ అనే మేజర్ గెలిచింది 2003లో. అంటే మీ పద్ధతిలోకి రాకముందు. బాడ్లీ తర్వాత దాన్ని వదిలేశాడు. ఆ సంగతి కూడా చెప్పాలి కదా!

పర్లాకిమిడి ఆల్‌రౌండర్:
ఇంత గొడవ ఎందుకండీ. క్రికెట్‌లో కవర్ డ్రైవ్‌కి ముందు కాలు వేసి, తల బంతి మీదికి తెచ్చి కొడతాం. ఇక్కడా అదే. ఒళ్లంతా ముందుకు తెచ్చి కొట్టడమే.

బరంపురం ఫిజియో:
ఇక్కడ రెండు వేరు సంగతులు కలిసిపోయాయి. ఒళ్లు ఎటు జరిగిందనేది ఒకటి. పాదం నేలని ఎంత గట్టిగా నొక్కుతోందనేది రెండోది. కదలకుండా నిలబడితే రెండూ ఒకటే. కదిలితే కాదు.

నమ్మకం కుదరకపోతే ముల్లు ఉన్న పాత బరువు మెషీన్ ఎక్కి గబుక్కున మోకాళ్లు వంచండి. ముల్లు ముందు కిందికి పడుతుంది. అక్కణ్ణుంచి ఒక్క ఊపున లేవబోతే మీ అసలు బరువు దాటిపోతుంది. ఆ క్షణంలో మీరు లావెక్కలేదు, నేలని గట్టిగా తన్నారంతే. (డిజిటల్ మెషీన్‌తో ఇది కనబడదు, అది నిలకడ వచ్చేదాకా అంకె వెయ్యదు.) దూరం కొట్టేవాళ్లంతా చేసేది ఇదే. క్లబ్ కిందికి దిగే ముందు కొంచెం కూర్చున్నట్టు అయి, వెంటనే ముందు కాలితో నేలని తన్ని లేస్తారు.

మంచి ఆటగాళ్లని ప్రెషర్ ప్లేట్ల (పాదాల ఒత్తిడి కొలిచే పలకలు) మీద నిలబెట్టి కొలిస్తే సాధారణంగా కనబడే వరుస ఇలా ఉంటుంది. మొదట రెండు పాదాల మీదా సుమారు సగం సగం. క్లబ్ వెనక్కి కదలగానే ఒత్తిడి కుడి పాదం మీదికి వెళ్తుంది. ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చే వేళకే అక్కడ గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత క్లబ్ ఇంకా వెనక్కి పోతూనే ఉంటుంది, ఒత్తిడి మాత్రం ఎడమకి బయల్దేరిపోతుంది. ఐరన్ బంతికి తగిలే సమయానికి ముప్పావు వంతు, అంతకన్నా ఎక్కువ ఎడమ పాదం మీదే ఉంటుంది.

తమ్ముడి బాబాయ్ చెప్పిన దిశ సరైనదే, సమయం కాదు. క్లబ్ పైనుంచి బంతి దాకా రావడానికి పట్టేది సుమారు పావు సెకను. పైకి వెళ్లాక "ఇప్పుడు ఎడమకి" అని ఆలోచిస్తే, ఆలోచన పూర్తయ్యేలోపు బంతి పోయింది. ఒళ్లు వెనకే ఉండిపోతుంది, స్వింగ్‌లో క్లబ్ అన్నిటికన్నా కిందికి దిగే చోటు బంతికి వెనక పడుతుంది, నేల ముందు తగులుతుంది. నీకు జరుగుతున్నది ఇదేననుకుంటున్నాను, వీడియో చూడకుండా ఇంతకన్నా గట్టిగా చెప్పలేను.

ఇంకో మాట. ఒత్తిడి కుడికి వెళ్లడం వేరు, నడుము కుడికి జారిపోవడం వేరు. కుడి పాదం బయటి అంచు మీద బరువు తెలిసిందంటే జారిపోతున్నట్టే. లోపలి అంచు మీదే ఉండి, తుంటి అక్కడే తిరగాలి.

జయపురం లెఫ్టీ:
చూశారా? చివరికి అందరూ చేరేది ముందు కాలి మీదికే. అలాంటప్పుడు ముందే అక్కడ ఉంటే ఏం పోయింది?

బరంపురం ఫిజియో:
దూరం కొంత పోవచ్చు. ఐరన్లకి మీ పద్ధతి పనిచేస్తుంది, కాదనను. నేల ముందు తగిలే వాళ్లకి ఒక నెల మందులా వాడుకోవచ్చు. కానీ ఎడమ కాలి మీద ఉండమనగానే చాలామంది ఒళ్లంతా ఎడమకి వాల్చేస్తారు. కొట్టేటప్పుడు దానికి విరుగుడుగా కుడికి పడిపోతారు. దాన్నే రివర్స్ పివట్ అంటారు. నడుము పట్టేసి మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ బాపతు ఉంటారు.

గుణుపురం పీఈటీ మాస్టారు:
నాకు ఈ ప్లేట్లూ అవీ తెలియవు గానీ, కుర్రాడా, ముందు ఆ మ్యాట్ వదులు. మ్యాట్ నీ తప్పు కప్పిపుచ్చుతుంది. బంతికి రెండంగుళాలు వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని లేపేస్తుంది, నువ్వు బాగా కొట్టాననుకుంటావు.

స్కూల్ గ్రౌండులో కాస్త మెత్తని చోటు చూసుకో. వాన పడి ఆరిన మర్నాడైతే మరీ మంచిది. ఇంట్లోంచి గుప్పెడు ముగ్గుపిండి తెచ్చి అడ్డంగా ఒక సన్నని గీత గియ్యి. బంతి వద్దు. గీత రెండు కాళ్ల మధ్యలో ఉండేలా నిలబడి సగం స్వింగ్‌తో నేలని కొట్టు. మట్టిపెళ్ల గీత మీద మొదలై ముందువైపు లేచిందా, లేక గీతకి వెనక లేచిందా చూడు. వెనక లేస్తే ఎవరెన్ని చెప్పినా నీ ఒళ్లు ఇంకా కుడి వైపే ఉంది. మా ఎర్రమట్టి మీద తెల్ల గీత కాబట్టి తేడా పది అడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. ఎండిపోయి రాయిలా ఉన్న నేల మీద మాత్రం ఈ పని చెయ్యకు, మణికట్టు పోతుంది.

క్రికెట్ బాబుకి ఒక మాట. నీ డ్రైవ్‌లో బంతి నీ మీదికి వస్తుంది, దాని పిచ్ దాకా నువ్వు వెళ్లాలి. గోల్ఫ్ బంతి కూర్చున్న చోటే ఉంటుంది. తలతో సహా ముందుకు పడితే క్లబ్ ముఖం తెరుచుకుని బంతి కుడికి పోతుంది. మా దగ్గర బ్యాటింగ్ చేసే పిల్లలందరిలో మొదట కనబడేది ఇదే. అయితే క్రికెట్‌లోంచి ఒకటి తెచ్చుకోవచ్చు. బ్యాట్ ఇంకా పైన ఉండగానే ముందు కాలు నేల మీద పడుతుంది చూడు, ఆ వరుస ఇక్కడ బంగారం. పాదాలు రెండూ దగ్గర పెట్టి నిలబడు. క్లబ్ వెనక్కి వెళ్తుండగానే, అది పైకి చేరకముందే, ఎడమ కాలు పక్కకి ఒక అడుగు వేసి కొట్టు. ఫిజియో గారు చెప్పిన సమయం ఆలోచించకుండానే దొరుకుతుంది.

పర్లాకిమిడి ఆల్‌రౌండర్:
తల ముందుకు వెళ్లొద్దంటే ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ బరువు ముందుకు వెళ్లాలన్నది నేనన్నదేగా!

రాయగడ కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అండీ. డ్రైవర్‌కి (దూరం కొట్టే పొడవాటి క్లబ్) కూడా ఇదే లెక్కా?

బరంపురం ఫిజియో:
ఒత్తిడి వరుస దాదాపు ఇదే, తల చోటు వేరు. డ్రైవర్‌తో బంతి టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద ఎత్తుగా, ఎడమ మడమకి ఎదురుగా ఉంటుంది, క్లబ్ కొంచెం పైకి లేస్తూ తగలాలి. కాబట్టి ఎడమ పాదం నేలని తన్నుతుంటే తల బంతికి వెనకే ఉండాలి. ఐరన్ కుదిరాక అటు వెళ్లు. రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ కుదరదు.

సునాబేడ పెద్దాయన:
తుంటి బిగిసిన నాబోటి వాళ్లు ఎడమ మడమ లేపుకోవచ్చా, అది మాత్రం ఎవరూ చెప్పలేదు.

బరంపురం ఫిజియో:
లేపండి సార్, తప్పేం లేదు. మోకాలు లోపలికి వచ్చి నడుముకి తిరిగే చోటు దొరుకుతుంది. అయితే ఆ మడమని మళ్లీ నేలకి దించడమే మీ మొదటి కదలిక కావాలి, చేతులు ఆ తర్వాతే.

జయపురం లెఫ్టీ:
నేను మడమ లేపను. నవంబరులో వానలు తగ్గాక విశాఖలో కలుద్దాం పెద్దాయన గారూ, ఎవరి పెళ్ల ఎక్కడ లేస్తుందో అక్కడే చూసుకుందాం. ముగ్గుపిండి మాస్టారే తేవాలి.