జర్మనీలో కస్టమర్ కేర్‌తో వేగడం: ఓపిక ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు?

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల ఈ మధ్యే ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరికి వచ్చాం. ఇంటర్నెట్ కనెక్షన్ కోసం టెక్నీషియన్ ఉదయం 8 నుంచి 12 లోపు వస్తాడన్నారు. గుమ్మం దాటకుండా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సాయంత్రం మెసేజ్: కస్టమర్ ఇంట్లో లేరట! ఫోన్ చేస్తే ఎంతసేపటికో ఒకావిడ ఎత్తి, నేను చెప్పేది పూర్తి కాకముందే మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చి, ఇంకేమైనా ఉందా అంది. సారీ అన్న మాటే లేదు. ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేయడం మంచిదా, ఈమెయిల్ రాయడం మంచిదా? ఇంగ్లీషులో మాట్లాడితే చిన్నచూపు చూస్తారా? అన్నిటికన్నా ముఖ్యంగా, మీరంతా ఇంత ఓపిక ఎలా తెచ్చుకున్నారు?

ఓరుగల్లు_పోరడు:
అక్కా, ముందు ఒకటి చెప్పండి. కింద బెల్ మీద, లెటర్‌బాక్స్ మీద మీ ఇంటిపేరు ఉందా? ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్ ఉండదు. వీధి, ఇంటి నంబరు, బెల్ మీద పేరు, అంతే. "ఎక్కడున్నారు, కిందికి రండి" అని ఫోన్ చేసి అడిగే అలవాటు వీళ్లకు లేదు. పేరు కనబడకపోతే ఇంట్లో లేరని రాసుకుని వెళ్లిపోతారు. కాంట్రాక్టులో ఏ ఇంటిపేరు ఉందో బెల్ మీద అదే ఉండాలి. మా బెల్ మీద అంతకుముందు అద్దెకున్నవాళ్ల పేరే ఉండేది. దాంతో బ్యాంకు పంపిన పిన్ కవరు వెనక్కి పోయింది, రెండోసారి పంపితే అదీ పోయింది. ఓనర్‌ని అడిగితే హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగ్ బాగోగులు చూసుకునే ఆయన, వచ్చి పెడతాడన్నారు. ఆయన వచ్చేదాకా ఆగకండి. కాగితం మీద రాసి టేపు వేసేయండి.

బవేరియా_పాతకాపు:
చాలా ఏళ్లుగా ఇక్కడ ఉన్నాను, ఇలాంటి కేసులు మన వాళ్లకు ఎన్నో పరిష్కరించి పెట్టాను. కాబట్టి శ్రద్ధగా వినండి. 2021 డిసెంబరు 1 నుంచి కొత్త టెలికాం చట్టం అమల్లో ఉంది. చెప్పిన రోజు టెక్నీషియన్ రాకపోతే 10 యూరోలు గానీ, నెల బిల్లులో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది మీకు ఇవ్వాలి. కనెక్షన్ చెడిపోయిందని చెప్పాక రెండు రోజుల్లో బాగు చేయకపోతే మూడో రోజు నుంచి రోజుకింత అని కట్టాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి. ఈ దేశంలో ఓపిక అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, ఫైలు పెట్టుకోవడం. ఇంకో మాట. ఫిర్యాదైనా, కాంట్రాక్టు రద్దైనా రిజిస్టర్డ్ పోస్టులో, అంటే ఐన్‌ష్రైబెన్‌లోనే పంపాలి. ఈమెయిల్‌కి ఇక్కడ విలువ లేదు.

స్టుట్‌గార్ట్_అమ్మ:
చివరి మాట తప్పండీ. 2016 అక్టోబరు 1 తర్వాత చేసుకున్న ఇలాంటి కాంట్రాక్టుల్లో రద్దుకు సంతకం పెట్టిన ఉత్తరమే కావాలని కంపెనీ షరతు పెట్టడానికి వీల్లేదు. ఈమెయిల్ చాలు. 2022 జూలై 1 నుంచి అయితే ఆన్‌లైన్‌లో కాంట్రాక్టులు ఇచ్చే కంపెనీలు వెబ్‌సైట్‌లో రద్దు బటన్ పెట్టి తీరాలి. నొక్కగానే తేదీ, సమయంతో రసీదు మెయిల్‌కి రావాలి. కొత్తగా వచ్చినవాళ్లను లేనిపోని టెన్షన్ పెట్టకండి.

బవేరియా_పాతకాపు:
అమ్మా, చట్టం పుస్తకంలో ఉంటుంది. రేపు వాళ్లు మాకు మెయిల్ రాలేదంటే కోర్టులో ఏం చూపిస్తారు? ఉత్తరానికైతే రసీదు ఉంటుంది.

స్టుట్‌గార్ట్_అమ్మ:
రసీదు చెప్పేది కవరు పంపారనే. లోపల రద్దు ఉత్తరం ఉందో, తెల్లకాగితం ఉందో అది చెబుతుందా? మెయిల్ పంపి, అందినట్టు జవాబు రాయమని అడగండి. రాకపోతే అప్పుడు ఉత్తరం వేయండి. అన్నిటికీ పోస్టాఫీసు క్యూలో నిలబడమనడం పాత రోజుల సలహా.

చిత్తూరు_కుర్రోడు:
మీ ఇద్దరి గొడవ పక్కన పెట్టండి. నేనైతే ప్రతి కాల్ రికార్డ్ చేస్తాను. మొన్న ఒక కరెంటు కంపెనీ అమ్మాయి ఈ ఏడాదంతా రేటు పెరగదంది, తర్వాత పెంచారు. నా దగ్గర ఆమె మాట ఉంది. అది వినిపిస్తే దిగి రారా? గట్టిగా అరిస్తే పని అవుతుంది, మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. ఏ దేశమైనా అంతే.

స్టుట్‌గార్ట్_అమ్మ:
బాబూ, ఆ రికార్డింగ్ ఎవరికీ వినిపించకు. ఇక్కడ అవతలివాళ్ల అనుమతి లేకుండా మాట రికార్డ్ చేయడమే నేరం. శిక్షాస్మృతి 201వ సెక్షన్, జరిమానా గానీ మూడేళ్ల దాకా జైలు గానీ పడవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు ఇలాంటి వాటి జోలికి వెళ్లకూడదు.

చిత్తూరు_కుర్రోడు:
అంటే వాళ్లు మాత్రం "నాణ్యత కోసం ఈ కాల్ రికార్డ్ చేయబడుతుంది" అని చేసుకోవచ్చు, నేను చేయకూడదా? ఇదెక్కడి న్యాయం?

ఓరుగల్లు_పోరడు:
వాళ్లు ముందే చెప్పి, నువ్వు ఒప్పుకుంటేనే చేస్తారు తమ్ముడూ. నువ్వూ ముందే అడుగు. ఒప్పుకుంటే చేసుకో.

చిత్తూరు_కుర్రోడు:
అడిగితే ఎవరు ఒప్పుకుంటారు అన్నా? కష్టార్జితం పోయినవాడికి తెలుస్తుంది ఆ బాధ. ఇక్కడ అందరూ కంపెనీ తరఫున మాట్లాడుతున్నారు.

బవేరియా_పాతకాపు:
ఎవరూ కంపెనీ తరఫున లేరు. రికార్డింగ్ విషయంలో అమ్మగారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నోటిమాట మీద ఆధారపడొద్దనే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. ఫోన్ పెట్టేసిన వెంటనే మెయిల్ రాయి: ఫలానా తేదీ, ఫలానా సమయానికి ఫలానా వారితో మాట్లాడాను, రేటు పెరగదని చెప్పారు, కాదంటే ఫలానా తేదీలోగా తెలియజేయండి. అంతే. తేదీ రాయకుండా "త్వరగా చేయండి" అంటే ఇక్కడ ఎవరూ కదలరు. గడువు చూస్తేనే పనిలో పెట్టుకుంటారు. నీ కాంట్రాక్టులో రేటు గ్యారంటీ అని రాసి ఉందేమో ముందు చూడు.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
నేను జర్మనీలో లేను. హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో, అమెరికా ప్రాసెస్‌లో, అంటే అమెరికా కస్టమర్ల కాల్స్ తీసుకునే పనిలో రాత్రి షిఫ్టు చేస్తాను. అక్కడ గడియారాలు మార్చినప్పుడల్లా మా షిఫ్టు కూడా గంట జరుగుతుంది. అరిస్తే పని అవుతుందన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ అరుపు హెడ్‌సెట్‌లో వినేది మాలాంటివాళ్లం. ఒక్కో కాల్ ఎంతసేపు పట్టిందో, హోల్డ్‌లో ఎంతసేపు పెట్టామో, అన్నిటికీ లెక్క ఉంటుంది. కాల్ అయ్యాక కస్టమర్‌కి సర్వే పోతుంది. ఆయన కంపెనీ మీది కోపంతో తక్కువ మార్కు ఇస్తే అది నా పేరు మీద పడుతుంది. రీఫండ్ ఇచ్చే అధికారం నాకు కొంత మొత్తం దాకే. ఆ పైన సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. అరిచేవాళ్లకి నేను స్క్రిప్టులో ఉన్నదే చదువుతాను. ఎందుకంటే క్వాలిటీ టీమ్ ఆ కాల్ వింటుంది, ఒక్క మాట తేడా వచ్చినా సమాధానం చెప్పుకోవాల్సింది నేను. ఆర్డర్ నంబరు చేతిలో పెట్టుకుని, ఏం కావాలో ఒక్క ముక్కలో చెప్పేవాళ్లకి మాత్రం పాత నోట్సంతా తిరగేసి మరీ దారి వెతుకుతాను. అమెరికన్లలో చాలామంది ఎంత కోపంలో ఉన్నా "ఇది మీ తప్పు కాదని తెలుసు" అని మొదలుపెడతారు. ఆ మాట వింటే తెల్లవారుజామున కూడా పని చేయాలనిపిస్తుంది.

సారీ గురించి. మాకు ట్రైనింగ్‌లోనే ముందు సారీ చెప్పు, పేరు పెట్టి పలకరించు అని నేర్పుతారు. అది అమెరికావాళ్లకి నచ్చుతుంది. యూరప్ ప్రాసెస్‌లో ఉన్న నా స్నేహితురాలికైతే జర్మన్ కస్టమర్లు "క్షమాపణ అక్కర్లేదు, ఎప్పటికి అవుతుందో చెప్పు" అనేవారట. గోదావరి అక్కా, మీతో మాట్లాడినావిడ నేరుగా తేదీ చెప్పింది అంటే అది ఆవిడ లెక్కలో మర్యాదే అయ్యుండొచ్చు.

గోదావరి_గట్టు:
మీ మాటలు మనసుకు తగిలాయి తమ్ముడూ. ఆవిడ వైపు నుంచి నేను ఆలోచించలేదు. కానీ రోజంతా కాపలా కాసిన మనిషికి ఒక్క మాట ఆప్యాయంగా చెబితే ఏం పోతుంది? మర్యాద వేరు, దయ వేరు. ఇంగ్లీషు సంగతి ఎవరూ చెప్పలేదు.

చికాగో_చలి:
అందుకే అమెరికా అమెరికానే. ఇక్కడ దుకాణంలో కొన్న వస్తువు నచ్చలేదంటే నవ్వుతూ వెనక్కి తీసుకుంటారు, కారణం కూడా అడగరు. మీ జర్మనీలో బిల్లు ఉన్నా దండం పెట్టుకోవాల్సిందేనని మా చెల్లెలు ఏడుస్తుంది.

స్టుట్‌గార్ట్_అమ్మ:
అది ఆ దుకాణం పెట్టుకున్న పాలసీ. రేపు మార్చుకుంటే మీరేం చేస్తారు? ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లో కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు చట్టం ఇచ్చింది. వస్తువులో లోపం ఉంటే రెండేళ్ల దాకా అమ్మినవాడే బాధ్యుడు. 2022 నుంచి మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది ముందు నుంచీ లేదని నిరూపించాల్సింది కూడా వాడే. తయారీ కంపెనీకి ఫోన్ చేసుకోండి అని దుకాణంవాడు పంపించేస్తే వెళ్లిపోకండి. దుకాణంలో కొన్నది నచ్చలేదని తిరిగి ఇవ్వడం మాత్రం వాళ్ల ఇష్టం, అది ఒప్పుకుంటాను.

చికాగో_చలి:
హక్కు కోసం సెక్షన్లు బట్టీ పట్టాలా? మనిషి ప్రశాంతంగా బతకడానికి కదా పరదేశం వచ్చింది.

ఓరుగల్లు_పోరడు:
సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదన్నా. ప్రతి రాష్ట్రంలో ఫెర్‌బ్రౌహర్‌సెంట్రాలే అని వినియోగదారుల సలహా కేంద్రం ఉంది. కొద్దిపాటి ఫీజుకు కాంట్రాక్టు చదివి ఏం చేయాలో చెబుతారు. ఉత్తరాల నమూనాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం.

అక్కా, ఇంగ్లీషు సంగతి నేను చెబుతా. చిన్నచూపు కాదు, భయం. తప్పు మాట్లాడితే తమ మీదికి వస్తుందని ఫోన్‌లో చాలామంది జర్మన్‌లోనే ఉండిపోతారు. మెయిల్‌లో అయితే ట్రాన్స్‌లేటర్ పెట్టుకునే తీరిక ఇద్దరికీ ఉంటుంది. ఫోనే చేయాల్సి వస్తే మొదటి రెండు వాక్యాలు జర్మన్‌లో రాసుకుని చదవండి: పేరు, కస్టమర్ నంబరు, సమస్య. ఆ తర్వాత ఇంగ్లీషులోకి మారొచ్చా అని అడగండి. గొంతు మారిపోతుంది వాళ్లది.

మాగ్డెబుర్గ్_స్టూడెంట్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాస్టర్స్ అయిపోయింది, ఉద్యోగం మ్యూనిక్‌లో వచ్చింది. జిమ్‌కి మెయిల్ చేస్తే ఊరు మారినా కాంట్రాక్టు అయ్యేదాకా కట్టాల్సిందే అంటున్నారు. ఇంకా చాలా నెలలు ఉంది. పైన చెప్పిన కొత్త చట్టంతో బయటపడొచ్చా? కౌంటర్ దగ్గరికి వెళ్లి గట్టిగా అడుగుదామనుకుంటున్నాను.

బవేరియా_పాతకాపు:
గట్టిగా అడిగితే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఈ విషయంలో జిమ్‌వాళ్లు చెప్పింది నిజం. ఊరు మారడం కస్టమర్ సొంత వ్యవహారమని, మామూలుగా దాని ఆధారంగా జిమ్ కాంట్రాక్టు రద్దు కాదని ఫెడరల్ కోర్టు 2016లోనే తేల్చింది. ఇంటర్నెట్‌కి వేరే రూలు. కొత్త చిరునామాలో అదే సర్వీసు ఇవ్వలేకపోతే ఒక నెల నోటీసుతో బయటపడొచ్చు. 2022 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ జిమ్‌లో చేరి ఉంటే మాత్రం, మొదటి గడువు ముగిశాక వాళ్లు నిన్ను మరో ఏడాదికి కట్టేయలేరు. అప్పుడు ఒక నెల నోటీసు చాలు.

స్టుట్‌గార్ట్_అమ్మ:
నీ బదులు ఎవరైనా చేరితే కాంట్రాక్టు వాళ్ల పేరు మీదికి మారుస్తారా అని మర్యాదగా మెయిల్ రాసి అడుగు నాన్నా. ఒప్పుకోవాలని రూలేం లేదు, కానీ మా అబ్బాయి స్నేహితుడికి ఒప్పుకున్నారు. కొత్తగా వచ్చిన విద్యార్థుల గ్రూపులో పోస్టు పెట్టు. మనిషి దొరికాకే జిమ్‌కి రాయి, అతని పేరు, చేరే తేదీ అందులోనే ఇవ్వు.