గోస్తని మ్యాపులో మడుగునీ రేవునీ ఎలా గీయాలి?

పద్మనాభం డ్రాఫ్ట్స్‌మన్:
అందరికీ నమస్కారం. 22 ఏళ్లుగా డ్రాయింగులు గీసే పనిలో ఉన్నాను. పద్మనాభం వైపు గోస్తని ఒడ్డు ఊళ్లకు వాటర్‌షెడ్ ప్లాన్ (వాననీటిని ఎక్కడికక్కడ నిలిపే పథకం) వేస్తున్నారు, మ్యాపుల పని నాకొచ్చింది. టోపోషీటు మీద గెడ్డలు, చెరువులు, చెక్‌డ్యాములు, బోర్లు, వరి, సరుగుడు తోటలు అన్నీ ఎక్కించాను.

పోయిన ఆదివారం ఊళ్లో షీటు పరిచాం. చేపలు పట్టే పెద్దాయన ఒకాయన ఏటి గీత వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చి ఒక మలుపు దగ్గర ఆగాడు. "బాబూ, మడుగేదీ?" అన్నాడు. ఏరు నీలం గీతగా ఉంది కదా అన్నాను. "ఏరు కాదు, మడుగు. వైశాఖంలో ఏరంతా ఇసకైపోయినా అక్కడ నిలువులోతు నీరుంటాది. కొరమీను, మట్టగిడస, జెల్ల అన్నీ అందులోనే తలదాచుకుంటాయి. వానలు పడ్డాక అక్కణ్ణుంచే పైకీ కిందకీ పాకుతాయి. మడుగెండితే ఆ యేడు చేప లేదు" అన్నాడు. పక్కనే ఉన్న ఒకావిడ, "కార్తీక సోమవారాలు తానాలు చేసే రేవు కూడా లేదు" అంది.

ఆ రేవులోనే నేను ఈత నేర్చుకున్నాను. అయినా నా చేతికి అది తట్టలేదు. ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. పైగా మడుగుకు అర కిలోమీటరు ఎగువన కొత్త చెక్‌డ్యాముకు నేనే గుర్తు పెట్టి ఉన్నాను.

సాగుకు ఎకరాలున్నాయి, తాగునీటికి జనాభా లెక్క ఉంది. మడుగుకీ రేవుకీ ఏం కొలత రాయాలి? చుక్క పెట్టాలా, గీత గీయాలా? చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక నుంచి డెన్వర్:
అన్నా, నేనుండే కొలరాడోలో ఇదే పని చేశారు. 2005లో వచ్చిన చట్టంతో 8 నదీ బేసిన్లకూ, డెన్వర్ నగర ప్రాంతానికీ కలిపి 9 రౌండ్ టేబుళ్లు, అంటే నీటి గురించి కూర్చుని మాట్లాడుకునే స్థానిక సంఘాలు, పెట్టారు. సాగుకూ ఊళ్లకూ ఎంత నీరు కావాలో చూడటంతోపాటు, చేపలకూ ఒడ్డు చెట్లకూ పడవలకూ గాలాలకూ ఏం కావాలో కూడా చూడాలన్నారు. వాడుకున్నా ఏటిలోనే మిగిలే నీరు కాబట్టి దీన్ని ఖర్చుకాని అవసరం అంటారు.

ముందు తేల్చుకున్నది "ఎక్కడ" అని. చిన్న చిన్న పరీవాహకాలుగా విడగొట్టి, అరుదైన చేప ఉన్న చోటు, చిత్తడి నేల, తెప్పలు నడిచే మేర ఒక్కో పొరగా వేసి, ఎక్కువ పొరలు కలిసే ముక్కలు ఎంచుకున్నారు. "ఎంత" అన్నది ఆ తర్వాతి పని. మొదటే లీటర్లు అడిగితే మ్యాపు ముందుకు కదలదు.

వాళ్లకో చట్టబలం ఉంది. ఏటిలో నీటిని ఏటికే ఉంచే హక్కు 1973 నుంచీ ఉంది. పడవ ఆటల కోసం ఏటిలోనే నీరుంచుకునే హక్కుకు 2001లో నియమాలు పెట్టారు. మనకలాంటిది లేదు కాబట్టి మ్యాపు మీద గుర్తు పడటం ఇంకా ముఖ్యం.

నీటి లెక్క:
మాస్టారూ, మడుగుకు చుక్క చాలదు. ఎగువ నీరు చేరే దారితో కలిపి ఏటి ముక్కగా గీయండి. పక్కన మూడు మాటలు రాయండి: ఎవరికి, ఏ నెలలో, ఎంత లోతు.

టెన్నంట్ పద్ధతి అని 1976 నాటిది ఒకటుంది. ఏడాది సగటు ప్రవాహంలో 10 శాతం ఉంటే చేప బతికి బట్టకడుతుంది, 30 శాతం ఉంటే బాగుంటుంది అంటుంది. అది అమెరికా ఏళ్లను చూసి కట్టిన లెక్క. మన ఏరు నాలుగు నెలల్లో పొంగి, వేసవిలో ఇసక తేలుతుంది, ఏడాది సగటు ఇక్కడ మోసం చేస్తుంది. 2018లో గంగకు ఇచ్చిన నోటిఫికేషన్ చూడండి. ఎగువ గంగలో నవంబరు నుంచి మార్చి దాకా నెల సగటులో 20 శాతం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 శాతం వదలాలంది. నెలలవారీ చూడటమే మనకు పనికొచ్చేది.

కొలవడానికి యంత్రం అక్కర్లేదు. 10 మీటర్ల దూరం గుర్తు పెట్టుకుని నారింజ పండు వదలండి. 25 సెకన్లు పట్టిందనుకోండి, పైనీటి వేగం సెకనుకు 0.4 మీటరు. అడుగున నీరు నెమ్మది కాబట్టి 0.85తో గుణించండి. వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 0.3 మీటరు అయితే సెకనుకు సుమారు 600 లీటర్లు. నెలకొకసారి చేస్తే ఏడాదికి మీ ఏటి లెక్క మీ చేతిలో ఉంటుంది.

భీమిలి రేవు:
బాబూ, మ్యాపు మీ ఊరి పొలిమేర దగ్గర ఆపేయకండి. ఆ నీరు వచ్చేది మా దగ్గరికే. ఏటి నీరు తగ్గితే సముద్రం ఇసక వేసి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) మూసేస్తుంది. పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పునీట్లో, పిల్లలు పెరిగేది ఏటి మొగ లోపల. దారి మూస్తే అవి లోపలికెలా వస్తాయి? మొగ ఎప్పుడు తెరుచుకునుంటుందో మా నాన్నని అడిగితే నెలలు చెప్తాడు. రండి, రాసుకోండి.

ఆవ గట్టు:
ఒక్క మాట. చేపనీ మనుషుల సరదానీ ఒకే రంగులో కలపకండి. మా కొండకర్ల ఆవ అనే చిత్తడి చెరువులో తాటిదోనె (తాటిమాను పడవ) తిరగాలంటే తేటగా లోతు నీరుండాలి. పక్షి గూడు కట్టాలంటే తుంగ, గడ్డి ఉండాలి, అలికిడి ఉండకూడదు. రెండూ కావాలి, కానీ ఒకే చోట కాదు.

పద్మనాభం డ్రాఫ్ట్స్‌మన్:
మీ అందరికీ చేతులెత్తి దండం. నిన్న పొద్దున్నే పెద్దాయనతో వెళ్లాను. వెదురుగడకు అరడుగుకో గుర్తు పెట్టి దించాం. మడుగు నడిమధ్య ఏడడుగులు. ఆయన చెప్పిన ప్రకారం నాలుగడుగులకు తగ్గితే నీరు వేడెక్కి చేప తేలుతుందట. అదే నా కొలత, షీటు మీద "చేప, ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం, నాలుగడుగులు" అని రాశాను. స్నానాల రేవుకు వేరే రంగు, "కార్తీకం, మొలలోతు" అని. వనభోజనాల తోపు కూడా ఎక్కించాను.

ఎగువ చెక్‌డ్యాం గుర్తుని ఇంకుతో ఉన్నది గీకేసి పెన్సిల్‌తో పెట్టాను. వచ్చే సభలో దాని గురించే మాట్లాడాలి. అడుగున తూము పెడితే వేసవిలో మడుగుకు నీరందుతుందేమో, "నీటి లెక్క" గారూ, మీరొకసారి చూస్తారా? ఆదివారం భీమిలి వస్తున్నాను, నాన్నగారికి చెప్పండి.