చిన్న ఫోమ్ విమానానికి ఫ్లోట్లు: ఎవరెవరు ఎలా బిగించారు?

కృష్ణాతీరం (విజయవాడ)
అందరికీ నమస్తే. నా దగ్గర పైపర్ కబ్ తరహా రిమోట్ ఫోమ్ విమానం ఉంది, రెక్క బాడీ పైన ఉండే (హైవింగ్) ట్రైనర్. రెక్క 110 సెం.మీ., ముక్కు నుంచి తోక దాకా 80 సెం.మీ., బ్యాటరీతో కలిపి 700 గ్రాములు. 2212 మోటారు, 3ఎస్ 2200 బ్యాటరీ, 10 అంగుళాల ప్రాపెల్లర్ (ప్రాప్). చక్రాల మీద బాగానే ఎగురుతోంది. 2024 నవంబరులో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ లేచినప్పటి నుంచి నాకూ ఫ్లోట్ల పిచ్చి పట్టింది, అదే చక్రాల బదులు నీళ్ళ మీద తేలేందుకు పెట్టే పడవల్లాంటివి. ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా. సైజు ఎంత ఉండాలి, ఎక్కడ బిగించాలి, ఏ ఫోమ్ మంచిది?

బాల్సా_బాబాయ్ (సికింద్రాబాద్)
సైజు పెద్ద కష్టం కాదు. విమానం పొడవులో ముప్పాతిక, అంటే నీకు 60 సెం.మీ. ఒక్క ఫ్లోట్ ఒంటరిగా మొత్తం విమానాన్ని మోయగలగాలి. గ్రాముకు ఒక సీసీ చొప్పున లెక్క వేసుకో. ఫ్లోట్లు, వాటిని బాడీకి బిగించే తీగలు పెట్టాక నీ విమానం 850 గ్రాముల దాకా వస్తుంది, కాబట్టి ఒక్కోటి 850 సీసీకి తగ్గకూడదు. 6.5 సెం.మీ. వెడల్పు, 4.5 సెం.మీ. ఎత్తు పెట్టుకుంటే ముందూ వెనకా చెక్కేసినా సరిపోతుంది. రెండింటి మధ్య దూరం రెక్క పొడవులో నాలుగో వంతు. దగ్గర పెడితే పక్కగాలికి ఒక రెక్క నీళ్ళలో మునిగి బోల్తా కొడుతుంది. ఫ్లోట్ల ముక్కులు ప్రాప్ కంటే రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి.

అసలు తిప్పలన్నీ స్టెప్ దగ్గరే. అడుగున మధ్యలో ఉండే ఆ మెట్టు అందం కోసం పెట్టింది కాదు. వేగం పెరిగాక వెనక భాగాన్ని నీళ్ళు పట్టి లాగుతుంటాయి. మెట్టు దగ్గర గాలి దూరి ఆ పట్టు వదిలిస్తుంది. అప్పుడు విమానం మెట్టు మీద నిలబడి జారుతుంది. నీ సైజుకు 7, 8 మిల్లీమీటర్ల లోతు చాలు. ఆ మెట్టు సీజీకి, అంటే విమానం బరువు సమంగా తూగే చోటుకు, ఒకటి, ఒకటిన్నర సెం.మీ. వెనక రావాలి. బాగా వెనక్కి పోతే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఎంత లాగినా ముక్కు లేవదు. ముందుకు పోతే తోక కూలబడుతుంది.

ఇంకొకటి, కోణం. ఫ్లోట్ పైభాగాన్ని బల్ల మీద లెవెల్‌గా పెట్టినప్పుడు రెక్క 2 నుంచి 3 డిగ్రీలు పైకి చూడాలి. చాలా ట్రైనర్లలో రెక్క ముందే ఆ మాత్రం పైకి ఉంటుంది. కాబట్టి ఫ్లోట్ పైభాగం, తోక దగ్గరి అడ్డ రెక్క (స్టెబిలైజర్) సమాంతరంగా ఉంటే పని అయిపోయినట్టే. ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు.

థర్మోకోల్_రాజా
మామూలు ప్యాకింగ్ థర్మోకోల్‌తో మొదలుపెట్టండి బ్రో. వేడి తీగతో కోస్తే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. గింజలు ఊడకుండా బ్రౌన్ టేప్ చుట్టేయాలి, అడుగున రెండు పొరలు. ఫెవిక్విక్ పొరపాటున కూడా తగలనివ్వొద్దు, థర్మోకోల్ కరిగిపోతుంది. మామూలు స్ప్రే పెయింట్ కూడా అంతే. ఫెవికాల్ నీళ్ళకు మెత్తబడుతుంది. ఎపాక్సీయే దిక్కు.

బాల్సా_బాబాయ్ (సికింద్రాబాద్)
థర్మోకోల్ ఒక సీజన్‌కి సరే. ఇన్సులేషన్‌కి వాడే గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీటు దొరికితే అదే తీసుకో. బరువు కొంచెం ఎక్కువే, కానీ గట్టు రాళ్ళకు తగిలినా సొట్ట పడదు.

కృష్ణాతీరం (విజయవాడ)
థాంక్స్ బాబాయ్. తీగల సంగతి? వీల్స్ తీసేసి ఆ గాడిలోనే పెట్టొచ్చా?

థర్మోకోల్_రాజా
ముందు కాళ్ళకు ఆ గాడే వాడండి. వెనక జతకు బాడీ అడుగున చిన్న ప్లైవుడ్ ముక్క ఎపాక్సీతో అతికించి దానికి బిగించాలి. 3 మి.మీ. పియానో వైరు బెస్ట్. సైకిల్ పుల్లలు కూడా పనికొస్తాయి కానీ సన్నం కాబట్టి ఐమూలగా ఒకటి అదనంగా కట్టాలి. లేదంటే దిగినప్పుడు ఫ్లోట్లు కాళ్ళు చాపేస్తాయి. బిగించాక సీజీ మళ్ళీ చూసుకోండి, బ్యాటరీ జరిపి సరిచేయండి.

భీమవరం_ఫ్లయర్
నీళ్ళు ఎక్కడ అన్నది ఎవరూ అడగలేదేంటండీ? మా వైపు చెరువులకు కొదవ లేదు, అయినా ఎగరేయడానికి ఒక్కటీ పనికిరాదు. రొయ్యల చెరువు మీద కొంగలు రాకుండా అడ్డదిడ్డంగా తాళ్ళు కట్టి ఉంటాయి, దూరం నుంచి కనపడవు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు, వాటి కరెంటు వైర్లు సరేసరి. పైగా రొయ్య బెదిరిందంటే చెరువు గలాయన ఊరుకోడు. ఊరి చెరువైతే గుర్రపుడెక్క. ఫ్లోట్ దాంట్లో ఇరుక్కుంటే మోటారు ఎంత తిప్పినా కదలదు, పుట్టి వేసుకుని పోవాల్సిందే. దిగకముందే పుట్టి ఉన్నాయన్ని మంచి చేసుకోండి.

బాల్సా_బాబాయ్ (సికింద్రాబాద్)
బాగా చెప్పారు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్, ఎల్లో జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోట్లు) కూడా చూసుకోవాలి. బ్యారేజీ దగ్గర మాత్రం పెట్టుకోకు నాయనా.

మిన్నెసోటా_తెలుగోడు
ఇక్కడ ఇంటికో సరస్సు అన్నట్టు ఉంటుంది, వేసవంతా ఫ్లోట్లే. చలికాలంలో సరస్సు గడ్డకట్టి మంచు పడ్డాక కూడా అవే ఫ్లోట్ల మీద జారుతూ లేస్తాం, విప్పే పనే లేదు.

రెండు మాటలు. ఒకటి, ఫ్లోట్లు పెట్టాక సీజీకి ముందు పక్కవైశాల్యం పెరుగుతుంది. మలుపుల్లో తోక ఊగుతున్నట్టు అనిపిస్తే తోక కింద చిన్న నిలువు పలక (ఫిన్) అతికించండి. అసలు సీప్లేన్లలో చాలావాటికి అది ఉంటుంది. రెండోది, అద్దంలా కదలకుండా ఉన్న నీళ్ళ మీద లేవడం కష్టం. కాస్త అలలుంటే ఫ్లోట్ నీళ్ళను తొందరగా వదులుతుంది.

వాటర్ రడ్డర్ (నీళ్ళలో దిశ తిప్పే చిన్న చుక్కాని) పెట్టించుకోండి. గాలి వీస్తే విమానం ముక్కు గాలివైపే తిప్పుకుంటుంది, ఒడ్డుకు తేవడం చుక్కలు చూపిస్తుంది.

థర్మోకోల్_రాజా
850 గ్రాముల దానికి వాటర్ రడ్డర్ దండగ అన్నా. ప్రాప్ గాలి తోక మీది మామూలు రడ్డర్‌కి తగులుతూనే ఉంటుంది, థ్రాటిల్ (మోటారు పవర్) చిన్న చిన్న బర్స్టులు ఇస్తే తిరుగుతుంది. నాచులో చిక్కుకోవడానికి ఇంకొక వస్తువు ఎందుకు?

మిన్నెసోటా_తెలుగోడు
చెరువులో నాచుంటే నీ మాటే రైటు. పెద్ద నీళ్ళలో, గాలిలో మాత్రం నా మాట.

కొత్తరెక్క (వరంగల్)
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. నా ఫోమీ ఫ్లోట్ల మీద స్పీడందుకోగానే ముక్కు పైకీ కిందికీ కొట్టుకుంటూ గెంతుతోంది. లేవట్లేదు. థ్రాటిల్ ఫుల్, ఎలివేటర్ ఫుల్.

బాల్సా_బాబాయ్ (సికింద్రాబాద్)
ఎలివేటర్ ఎప్పటిదాకా లాగి పట్టుకుంటున్నావు? మొదట పూర్తిగా లాగి థ్రాటిల్ మెల్లగా పెంచు. ముక్కు ముందున్న నీటి గుట్ట ఎక్కి, విమానం మెట్టు మీదకు వచ్చి చదునుగా పరిగెత్తడం కనిపిస్తుంది. అప్పుడు స్టిక్ వదిలెయ్. స్పీడు రానీ, తర్వాత కొంచెం లాగితే చాలు. వదిలాక కూడా గెంతితే స్టెప్ సీజీకి ముందు పడిందేమో కొలువు. బ్యాటరీ వెనక్కి జరిపావా?

కొత్తరెక్క (వరంగల్)
జరిపాను! ముక్కు బరువుగా ఉందని. కొలిచి చెప్తా.

కృష్ణాతీరం (విజయవాడ)
ఎలక్ట్రానిక్స్ తడిస్తే ఎలా? అదొక్కటే టెన్షన్.

భీమవరం_ఫ్లయర్
రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని బెలూన్‌లో పెట్టి మూతి రబ్బర్ బ్యాండ్‌తో బిగించండి. ఈఎస్‌సీని (మోటారు వేగాన్ని నియంత్రించే బోర్డు) బెలూన్‌లో పెట్టకండి, వేడెక్కుతుంది. దానికి కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా సర్క్యూట్ల మీద పూసే పూత) పూయండి. మోటారుకు మంచినీళ్ళతో భయం లేదు, బేరింగుల్లో నూనె చుక్క వేస్తే తుప్పు పట్టదు. మునిగితే ముందు బ్యాటరీ పీకేయండి, ఆరేదాకా మళ్ళీ పెట్టొద్దు. ఉప్పునీళ్ళయితే అన్నీ మంచినీళ్ళతో కడిగాకే ఆరబెట్టాలి.

కొత్తరెక్క (వరంగల్)
కొలిచా బాబాయ్. స్టెప్ సీజీకి రెండు సెం.మీ. ముందుంది. ఇప్పుడు ఫ్లోట్లు వెనక్కి జరపాలా, బ్యాటరీ ముందుకా?

బాల్సా_బాబాయ్ (సికింద్రాబాద్)
రెండూ. ముందు బ్యాటరీని పాత చోటుకు తెచ్చి, సీజీ కంపెనీ చెప్పిన గీత మీద ఉందో లేదో చూడు. ఆ తర్వాత స్టెప్ దానికి వెనక పడేలా ఫ్లోట్లు జరుపు. ఫ్లోట్లు జరిపితే సీజీ కూడా కొంచెం కదులుతుంది, మళ్ళీ తూచు. ఫ్లోట్ ముక్కులు ప్రాప్‌కి ముందే ఉన్నాయో లేదో కూడా చూసి, పక్క నుంచి ఒక ఫోటో పెట్టు.