బేసల్ సెల్ కార్సినోమాలో (ఒక చర్మ క్యాన్సర్) బీసీఎల్-2 (కణం చావును అడ్డుకునే ప్రొటీన్) స్టెయిన్ అసలు పట్టడం లేదు, అగ్రెసివ్ అని రాయవచ్చా?

హిస్టో_ల్యాబ్:
పొద్దుట్నుంచీ దీని మీదే కూర్చున్నాను. ట్యూమర్ గూళ్లన్నీ ఖాళీ, గోధుమ రంగు చుక్క లేదు. అదే కణజాలం బ్లాకులో కేఐ-67 (విభజన చెందే కణాల మార్కర్) మాత్రం శుభ్రంగా వచ్చింది. బీసీఎల్-2 తగ్గితే అగ్రెసివ్ రకం అంటారు కదా, అలాగే రిపోర్టులో పెట్టవచ్చా? ప్రొటోకాల్ మామూలుదే. ఎవరైనా త్వరగా చెప్పండి, ప్లీజ్.

మైక్రోటోమ్:
యాంటీబాడీ ఏ క్లోన్? రిట్రీవల్ బఫర్ (యాంటిజెన్‌ను మళ్లీ బయటపెట్టే ద్రావణం) పీహెచ్ ఎంత? ట్యూమర్ చుట్టూ ఉన్న లింఫోసైట్లకు పట్టిందా?

నలభై_ఎక్స్:
కేఐ-67 శుభ్రంగా వచ్చిందన్నారు, లెక్క ఎలా వేశారు? కణం జీ0లో (విభజన లేని విశ్రాంతి దశ) ఉంటే తప్ప మిగతా దశలన్నింటిలో అది పడుతుంది. ట్యూమర్‌లోకి చొరబడ్డ లింఫోసైట్లను కలిపేస్తే శాతం ఊరికే పెరిగిపోతుంది. కనీసం 500 ట్యూమర్ కణాలు లెక్కపెట్టండి. హాట్‌స్పాట్‌లోనా (ఎక్కువగా పట్టిన చోట), సగటునా అన్నది రిపోర్టులో రాయండి. అది రాయని శాతాన్ని ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చలేం. పిగ్మెంటెడ్ రకమైతే మెలనిన్ కూడా స్టెయిన్‌కు వాడే డీఏబీ రంగులాగే గోధుమ రంగులో ఉంటుంది, ఎర్ర క్రోమోజెన్ (రంగు పదార్థం) వాడాలి.

హిస్టో_ల్యాబ్:
నేనడిగింది బీసీఎల్-2 గురించండీ. క్లోన్ 124, సిట్రేట్ 6.0, 95 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. కేఐ-67 కూడా అందులోనే చేశాం. లింఫోసైట్లు ఇప్పుడు చూశాను, అవీ ఖాళీయే.

మైక్రోటోమ్:
లింఫోసైట్లలో మామూలుగా బీసీఎల్-2 ఉంటుంది, అవీ ఖాళీ అయితే అది నెగెటివ్ కాదు, స్టెయిన్ ఫెయిల్. ట్రిస్-ఈడీటీఏ 9.0లో మళ్లీ చేయండి. పక్కన కంట్రోల్‌గా టాన్సిల్ పెట్టండి: లింఫ్ గూడు అంచు (మాంటిల్ జోన్) పట్టాలి, దాని మధ్య భాగం (జెర్మినల్ సెంటర్) బీ కణాలు పట్టకూడదు. సెక్షన్లు కొత్తగా కోయండి, పాతవైతే యాంటిజెన్ తగ్గుతుంది.

డెర్మటోపాథ్:
స్టెయిన్ సరిగా వచ్చినా ఆ ఒక్క మార్కర్‌తో అగ్రెసివ్ అని రాయకండి. ఇన్‌ఫిల్ట్రేటింగ్, స్క్లిరోజింగ్ రకాల్లో బీసీఎల్-2 తగ్గడం గుంపు మొత్తంలో కనిపించే ధోరణి, ఒక పేషెంటు విషయంలో తీర్పు కాదు. 2018 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో హై రిస్క్‌ను తేల్చేది హెచ్ అండ్ ఈలో (మామూలు స్లైడ్ స్టెయిన్) కనిపించే పెరుగుదల తీరే. మైక్రోనాడ్యులర్, బేసోస్క్వామస్ కూడా అందులోనే ఉన్నాయి. నరాల చుట్టూ పాకిందా అన్నదీ అక్కడే చూడాలి.

నలభై_ఎక్స్:
హై రిస్క్, అగ్రెసివ్ ఒకటి కాదు సర్. రిస్క్ అంటే తిరగబెట్టే అవకాశం, అందులో ట్యూమర్ ఎక్కడుంది, ఎంత సైజు అన్నవీ కలుస్తాయి. రెండోది కణజాలంలోకి చొచ్చుకుపోయే తీరు.

డెర్మటోపాథ్:
క్లినిక్‌లో అలా విడదీస్తారు, ఒప్పుకుంటాను. స్లైడ్ ముందు నా చేతిలో ఉన్నది పెరుగుదల తీరే. దాన్ని బట్టే రిస్క్ రాస్తాను.

నలభై_ఎక్స్:
రాయండి, కానీ "హిస్టలాజికల్ రిస్క్" అని రాయండి. లేకపోతే సర్జన్ సైజునూ చోటునూ కలిపే చెప్పారనుకుంటారు.

హిస్టో_ల్యాబ్:
9.0లో వచ్చేసింది. టాన్సిల్ బాగుంది, లింఫోసైట్లు పట్టాయి. ట్యూమర్ గూళ్ల అంచు వరస మాత్రం పట్టింది, మధ్యలో లేదు. థాంక్సండీ అందరికీ.

మైక్రోటోమ్:
ఆగండి. బీసీఎల్-2 అంచున మాత్రమే పట్టడం ట్రైకోఎపిథీలియోమాలో (వెంట్రుక కుదురు నుంచి పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ) కనిపిస్తుంది, అది కాదని ముందు తేల్చుకోవాలి. సీడీ10 అనే ఇంకో మార్కర్ వేయండి. ట్యూమర్ కణాల్లో పడితే బేసల్ సెల్ వైపు, చుట్టూ స్ట్రోమాలోనే (ఆధార కణజాలం) పడితే ట్రైకోఎపిథీలియోమా వైపు. బయాప్సీ పంచా (లోతుగా గుండ్రంగా తీసిన ముక్క), షేవా (పైపైన చెక్కినది)?